ఎక్స్‌రే చదివే ఏఐ తప్పు చెబితే కేసు ఎవరి మీద? ఆసుపత్రి కొనేముందు చూసుకోవాల్సిన చట్టాలు, కాగితాలు

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. 120 పడకల ప్రైవేటు ఆసుపత్రి. ఛాతీ ఎక్స్‌రేలు చదివే ఏఐ సాఫ్ట్‌వేర్ ఒకటి, ఐసీయూలో సెప్సిస్ (ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే ప్రమాదకర స్థితి) రాబోతోందని ముందే హెచ్చరించేది మరొకటి కొనాలనుకుంటున్నారు. కంపెనీవాళ్లు అమెరికా మందులు, పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇచ్చిన క్లియరెన్సు, యూరప్‌లో అమ్మడానికి కావాల్సిన సీఈ మార్కు చూపించి అన్ని పర్మిషన్లూ ఉన్నాయన్నారు. అవి చాలా? తప్పు చెబితే బాధ్యత ఎవరిది? పేషెంటుకు చెప్పాలా?

మన దేశంలో వైద్యంలో ఏఐ కోసమని విడిగా చేసిన చట్టమేదీ లేదు. 2025 నవంబరులో కేంద్ర ఐటీ శాఖ ఇచ్చిన ఏఐ మార్గదర్శకాలు కూడా ప్రస్తుతానికి ఉన్న చట్టాలతోనే నడుద్దాం అన్న ధోరణిలోనే ఉన్నాయి. దీన్ని చాలామంది "అయితే అడిగే నాథుడు లేడు" అని అర్థం చేసుకుంటున్నారు. అది పొరపాటు. చట్టం కంటికి మీ సాఫ్ట్‌వేర్ ఒకవైపు వైద్య పరికరం, మరోవైపు డాక్టరు చేతిలో ఉన్న సాధనం. పరికరానికీ, డాక్టరుకీ చట్టాలు ఎప్పటినుంచో ఉన్నాయి. ఆసుపత్రులు దెబ్బతినేది ఆ రెండూ కలిసే అతుకు దగ్గర. సాఫ్ట్‌వేర్ ఏం చెప్పింది, డాక్టరు దాన్ని ఎన్నింటికి చూశారు, చూసి ఏం చేశారు అనేదానికి రికార్డు ఉండదు.

ముందు పరికరం సంగతి. 2020 ఫిబ్రవరి 11 నోటిఫికేషన్‌తో, అదే ఏడాది ఏప్రిల్ 1 నుంచి, జబ్బును గుర్తించడానికి, గమనించడానికి, చికిత్స చేయడానికి ఉద్దేశించిన సాఫ్ట్‌వేర్ కూడా 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కింద వైద్య పరికరమే అయింది. దానికి వర్తించేవి 2017 మెడికల్ డివైసెస్ రూల్స్. ప్రమాద స్థాయిని బట్టి ఏ, బీ, సీ, డీ అని నాలుగు తరగతులు. ఏ, బీ తరగతులకు 2022 అక్టోబరు 1 నుంచి, సీ, డీలకు 2023 అక్టోబరు 1 నుంచి లైసెన్సు తప్పనిసరి అయింది (ఏ తరగతిలో స్టెరైల్ కాని, కొలతలు తీయని పరికరాలకు మాత్రం తర్వాత రిజిస్ట్రేషన్ చాలన్నారు). కాబట్టి "కొత్త రూలు కదండీ, ఇంకా టైముంది" అనే మాట ఇప్పుడు చెల్లదు.

అడగాల్సిన కాగితాలు ఫారం నంబర్లతో చెబుతాను, ఎందుకంటే "సీడీఎస్‌సీఓ (కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ) అప్రూవల్ ఉంది" అని నోటితో ఎవరైనా అంటారు. విదేశంలో తయారైన సాఫ్ట్‌వేర్ అయితే, లైసెన్సు అవసరమైన ఏ తరగతిదైనా ఎండీ-15 దిగుమతి లైసెన్సు ఉండాలి. ఇక్కడే తయారైతే ఏ, బీ తరగతులకు రాష్ట్ర లైసెన్సింగ్ అధికారి ఇచ్చే ఎండీ-5, సీ, డీలకు కేంద్రం ఇచ్చే ఎండీ-9. మధ్యలో డిస్ట్రిబ్యూటరు ఉంటే అతని ఎండీ-42 రిజిస్ట్రేషన్ కూడా చూడండి. ఒక తికమక ఏమిటంటే, ఎండీ-14, ఎండీ-3, ఎండీ-7 అనేవి దరఖాస్తులు. దరఖాస్తు పెట్టిన రసీదు చూపించి లైసెన్సు అన్నట్టు మాట్లాడేవాళ్లు ఉంటారు. లైసెన్సుకు గడువు తేదీ ఉండదు గానీ ఐదేళ్లకోసారి దాన్ని కొనసాగించడానికి రిటెన్షన్ ఫీజు కట్టాలి. పాత లైసెన్సైతే ఆ రసీదు కూడా అడగండి.

ఎఫ్‌డీఏ క్లియరెన్సు, సీఈ మార్కు మంచి సూచనలే, కానీ ఎండీ-15కు ప్రత్యామ్నాయం కావు. ఇంకో మాట కూడా వినిపిస్తుంది: "మాది డెసిషన్ సపోర్ట్ మాత్రమే, అమెరికాలో దీనికి పర్మిషనే అక్కర్లేదు." అక్కడ 2016 నాటి చట్టంలో కొన్ని రకాల సాఫ్ట్‌వేర్‌కు ఆ మినహాయింపు ఉన్నమాట నిజమే. అయితే స్కానులు, ఎక్స్‌రేల వంటి చిత్రాలను విశ్లేషించేవాటికి అక్కడా అది దొరకదు. మన రూల్స్‌లో ఆ మినహాయింపే లేదు. "మేం అమ్మడం లేదు, క్లౌడ్‌లో సర్వీసు ఇస్తున్నాం" అన్నా అంతే. నిర్వచనం చూసేది సాఫ్ట్‌వేర్ దేనికి ఉద్దేశించినదని, ఏ సర్వరు మీద నడుస్తోందని కాదు. తరగతి విషయానికొస్తే, 2021 సెప్టెంబరులో సీడీఎస్‌సీఓ సాఫ్ట్‌వేర్ల వర్గీకరణ జాబితా ఇచ్చింది, 2025 అక్టోబరులో మెడికల్ డివైస్ సాఫ్ట్‌వేర్ మీద ముసాయిదా మార్గదర్శకం కూడా విడుదల చేసింది. తమది ఏ తరగతో కంపెనీ చేతే రాతపూర్వకంగా చెప్పించండి.

లైసెన్సు దొరికాక అందరూ ఫైల్లో పెట్టి మూసేస్తారు. అసలు చదవాల్సింది అందులోని "ఉద్దేశిత వినియోగం" అనే భాగం. పట్టుమని నాలుగు వాక్యాలుంటాయి, కేసు వస్తే వాదనంతా వాటి చుట్టూనే తిరుగుతుంది. ఉదాహరణకు, క్షయ స్క్రీనింగ్‌కు ఎక్స్‌రే చదివే సాఫ్ట్‌వేర్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫారసు చేసింది 15 ఏళ్లు, ఆపైన వయసువారికే. అలాంటి వయసు పరిమితి ఉన్న సాఫ్ట్‌వేర్‌ను పిల్లల వార్డు ఫిల్ముల మీద నడిపితే, అది లైసెన్సు లేని వాడకం కిందికి వస్తుంది. నిలబెట్టి వీపు వైపు నుంచి తీసే పీఏ ఫిల్ముకు అనుమతి ఉన్నదాన్ని ఐసీయూలో మంచం మీద ముందు వైపు నుంచి తీసే పోర్టబుల్ ఏపీ ఫిల్ముకు వాడినా అంతే. ఆపరేటర్ పక్కనే కూర్చుని ఏది పంపాలో ఏది వద్దో రోజూ ఎంచుతాడని ఆశించకండి. వయసు, వ్యూ, మెషీను నంబరును బట్టి ఫిల్ములు దాచే ప్యాక్స్ సర్వరు దగ్గరే వడపోత పెట్టించండి. అరగంట పని.

తర్వాత అంకెలు. కంపెనీ కరపత్రంలో 90 శాతం సెన్సిటివిటీ (జబ్బున్నవారిని పట్టుకునే రేటు), 90 శాతం స్పెసిఫిసిటీ (జబ్బు లేనివారిని లేదని సరిగ్గా చెప్పే రేటు) అని ఉందనుకుందాం. మీరు హెల్త్ చెకప్ ఎక్స్‌రేల మీద నడుపుతున్నారు, అక్కడ వెయ్యిమందిలో 20 మందికే జబ్బు. సాఫ్ట్‌వేర్ 18 మందిని పట్టుకుంటుంది, ఇద్దరిని వదిలేస్తుంది. మిగిలిన 980 మందిలో 98 మందిని అనవసరంగా అనుమానిస్తుంది. మొత్తం 116 అనుమానాల్లో నిజమైనవి 18, అంటే ఆరింట ఒకటి. అదే సాఫ్ట్‌వేర్‌ను ఛాతీ వైద్యుడి ఓపీలో, వెయ్యికి 200 మందికి జబ్బున్నచోట పెడితే 260 అనుమానాల్లో 180 నిజం. సాఫ్ట్‌వేర్‌లో ఏమీ మారలేదు, వచ్చే మనుషులు మారారు. అందుకే "మా ఆసుపత్రిలో ఇది ఎంత పనిచేస్తుంది" అనే ప్రశ్నకు కరపత్రంలో జవాబు దొరకదు.

మీ దగ్గర పరీక్షించే పద్ధతి ఇది. పాత ఎక్స్‌రేలు వరుసగా తీసుకోండి, మంచివి ఏరుకోవద్దు. సాఫ్ట్‌వేర్ జవాబు చూడని రేడియాలజిస్టు చేత చదివించి పోల్చండి. మొత్తం ఎన్ని ఫిల్ములన్నది ముఖ్యం కాదు, జబ్బున్నవి ఎన్నన్నదే ముఖ్యం. జబ్బున్న 30 ఫిల్ముల్లో 27 పట్టుకుంటే 90 శాతం అని సంబరపడతాం గానీ, లెక్క ప్రకారం అసలు సామర్థ్యం 74 నుంచి 98 శాతం మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. 100లో 90 పట్టుకుంటే ఆ అనుమానపు వెడల్పు 82 నుంచి 95కు తగ్గుతుంది. కాబట్టి జబ్బున్నవి కనీసం వంద ఉండేలా చూడండి. సాఫ్ట్‌వేర్ "చదవలేను" అని తిరగ్గొట్టినవాటినీ లెక్కలో ఉంచండి. థాయ్‌లాండ్‌లో గూగుల్ కంటి స్కానింగ్ సాఫ్ట్‌వేర్‌ను క్లినిక్కుల్లో వాడినప్పుడు దాదాపు 21 శాతం ఫోటోలు నాణ్యత చాలక తిరస్కరణకు గురయ్యాయి. ప్రయోగశాల లెక్కల్లో ఈ బాధ కనపడదు.

సెప్సిస్ హెచ్చరికకు ఈ పరీక్ష మరీ ముఖ్యం. అమెరికాలో విస్తృతంగా వాడిన ఎపిక్ కంపెనీ సెప్సిస్ మోడల్‌ను మిషిగన్ యూనివర్సిటీ ఆసుపత్రి పరిశోధకులు తమ పేషెంట్ల మీద పరీక్షించి 2021లో ఫలితాలు ప్రచురించారు. సెప్సిస్ వచ్చినవారిలో 67 శాతం మందిని అది గుర్తించలేదు, అయినా చేరిన పేషెంట్లలో 18 శాతం మందికి గంట కొట్టింది. కాబట్టి మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాలు సాఫ్ట్‌వేర్ వెనకాల నడుస్తూ ఉండాలి గానీ హెచ్చరికలు వార్డుకు వెళ్లకూడదు. లాగ్ (ఏది ఎప్పుడు జరిగిందన్న కంప్యూటర్ రికార్డు) మాత్రం రాసుకుంటూ పోవాలి. తర్వాత ఎన్ని నిజం, ఎన్ని అబద్ధం, ఎన్ని గంటలు ముందు చెప్పిందో కూర్చుని చూడాలి. మీ నర్సులు బీపీ, ఊపిరి లెక్క నాలుగు గంటలకోసారి కంప్యూటర్లో ఎక్కిస్తుంటే, గంటకోసారి డేటా ఉంటుందనుకుని తయారైన మోడల్ ఆ ఖాళీల్ని ఏదో ఒకలా పూడ్చుకుంటుంది. తప్పుడు హెచ్చరికలకు ఒక ముఖ్య కారణం అదే.

ఇక బాధ్యత. పేషెంటు తరఫువాళ్లు వెళ్లేది సాధారణంగా వినియోగదారుల కమిషన్‌కు. 2004లో సవితా గార్గ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం, చికిత్సలో జరిగిన నిర్లక్ష్యానికి ఆసుపత్రి జవాబు చెప్పాలి, తగిన జాగ్రత్త తీసుకున్నామని చూపించుకోవాల్సిన భారం కూడా దానిమీదే ఉంటుంది. క్రిమినల్ కేసుకైతే, 2005 జాకబ్ మాథ్యూ తీర్పు ప్రకారం మామూలు పొరపాటు చాలదు, ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలి. భారతీయ న్యాయ సంహిత 106(1) ప్రకారం వైద్యం చేస్తూ నిర్లక్ష్యంతో మరణానికి కారణమైన రిజిస్టర్డ్ డాక్టరుకు రెండేళ్ల వరకు జైలు, జరిమానా. ఈ లెక్కలో సాఫ్ట్‌వేర్‌కు ముద్దాయి కుర్చీ లేదు. 2020 మార్చి 25 నాటి టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఈ సంగతి సూటిగానే చెప్పాయి: ఏఐ డాక్టరుకు సాయపడొచ్చు, కానీ పేషెంటుకు సలహా ఇవ్వడం, మందు రాయడం దానికి లేదు. చివరి మాట డాక్టరే చెప్పాలి.

మరి సాఫ్ట్‌వేర్ "నార్మల్" అంటే నమ్మిన డాక్టరు తప్పించుకోలేడా? సమర్థుడైన తోటి డాక్టరు ఆ పరిస్థితిలో ఏం చేసేవాడన్నదే కొలత. ఫిల్ము తెరవకుండా సాఫ్ట్‌వేర్ రాసినదాని కింద సంతకం పెట్టడాన్ని ఏ తోటి డాక్టరూ సమర్థించడు. ఫిల్ము చూసి, తన అభిప్రాయం రాసి, సాఫ్ట్‌వేర్‌తో విభేదించడానికి ఒక వాక్యం కారణం రాసిన డాక్టరు, చివరికి తప్పే అయినా, గట్టి నేల మీద నిలబడతాడు. జూనియర్ డాక్టరు చెప్పినమాటకు ఎంత విలువిస్తామో దీనికీ అంతే ఇవ్వాలి. వినాలి, చూడాలి, ఆ తర్వాత నిర్ణయం మనదే అవ్వాలి.

బయటికి కనపడని ప్రమాదం ఇంకొకటుంది. ఎక్స్‌రే సాఫ్ట్‌వేర్‌ను చాలాచోట్ల వరుస సర్దడానికి వాడతారు: అనుమానం ఉన్న ఫిల్ములు పైకి, నార్మల్ అన్నవి కిందికి. రాత్రి పది గంటల ఫిల్మును అది నార్మల్ అని కిందికి తోస్తే, రేడియాలజిస్టు మర్నాడు పదకొండింటికి తెరుస్తారు. న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి అది కుంచించుకుపోవడం) అయితే అప్పటికి ఆలస్యమైపోతుంది. అప్పుడు తప్పు చదవడంలో కాదు, ఆలస్యంలో ఉంటుంది. సాఫ్ట్‌వేర్ రాకముందు ఉన్న గరిష్ఠ సమయం, ఉదాహరణకు అత్యవసర ఫిల్ముకు గంట, అది వచ్చాక కూడా మారకూడదని రాతలో పెట్టండి.

ఐసీయూ హెచ్చరిక దగ్గర నా అభిప్రాయం కాస్త కటువుగా ఉంటుంది. ఎవరు స్పందించాలో రాసిపెట్టని హెచ్చరిక కంటే హెచ్చరిక లేకపోవడమే చట్టపరంగా మేలు. లేకపోతే "తెలియదు" అనొచ్చు. ఉండి, రాత్రి 2:10కి మోగి, 5:40 దాకా ఎవరూ తెరవలేదని లాగ్ చెబితే, "తెలిసీ పట్టించుకోలేదు" అని అవతలి వకీలు ఒక్క కాగితంతో చూపిస్తారు. అదీగాక పదింట తొమ్మిది అబద్ధమైతే నాన్నా పులి కథే, పదోసారి నర్సు తలెత్తి చూడదు. కాబట్టి మొదట ఎవరి ఫోనుకు వెళుతుంది, పదిహేను నిమిషాల్లో తెరవకపోతే తర్వాత ఎవరికి, చూసినవాళ్లు ఏం చేయాలి, ఇవన్నీ ఒక పేజీలో ఉండాలి. రాత్రి డ్యూటీకి మనుషులు చాలకపోతే ఆ సాఫ్ట్‌వేర్ ఈ ఏడాది కొనకండి. ఎక్స్‌రేది మాత్రం కొనొచ్చు.

రికార్డు ఎలా ఉంచాలి? ప్రతి కేసుకూ సాఫ్ట్‌వేర్ వెర్షను నంబరు, అది ఇచ్చిన జవాబు, ఆ రోజు పెట్టిన పరిమితి విలువ (ఎంత స్కోరు దాటితే అనుమానం అనాలన్న అంకె), డాక్టరు తెరిచిన సమయం, డాక్టరు నిర్ణయం, విభేదిస్తే కారణం నిలవాలి. కారణాలు ఎంచుకోవడానికి నాలుగైదు మించి ఇవ్వకండి. పదిహేను ఇస్తే అందరూ మొదటిదే నొక్కుతారు. గడియారాలు కలపడం మరిచిపోవద్దు. క్లౌడ్ సర్వర్లు చాలావరకు ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీలో లాగ్ రాస్తాయి, మన సమయం దానికంటే ఐదున్నర గంటలు ముందు. రాత్రి 2:10కి మోగిన హెచ్చరిక లాగ్‌లో ముందురోజు 20:40 అని కనపడుతుంది, కేస్‌షీటుతో కలవదు, ఎవరో దిద్దారన్న అనుమానం వస్తుంది. 2002 వైద్య నీతి నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంటు రికార్డు కనీసం మూడేళ్లు ఉంచాలి, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. సాఫ్ట్‌వేర్ లాగ్‌ను కూడా కేస్‌షీటులో భాగంగానే చూడండి. దాన్ని సాక్ష్యంగా పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి. అందులో ఒక భాగం మీరు నింపాలి, రెండోది నిపుణుడు నింపాలి, హాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే కోడు) సహా. లాగ్ కంపెనీ దగ్గరే ఉండి, ఒప్పందం ముగిసిన 90 రోజులకు చెరిపేసే పద్ధతైతే, అవసరమైనరోజు మీ చేతిలో ఏమీ ఉండదు. నెలనెలా మీ సర్వరుకు కాపీ వచ్చేలా రాయించుకోండి.

ఒప్పందంలో ఎక్కువ బేరమాడాల్సింది ధర మీద కాదు. కంపెనీ ముసాయిదాలో మా బాధ్యత ఏడాది ఫీజుకు మించదని ఒక గీత, ఇది సలహా మాత్రమే అని మరో గీత ఉంటాయి. కర్ర విరగకుండా పాము చావకుండా రాసే మాటలవి. ఆ గీతలు మీకూ కంపెనీకీ మధ్యే పనిచేస్తాయి, పేషెంటు హక్కును తగ్గించవు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉత్పత్తి లోపానికి తయారీదారు బాధ్యత అనే అధ్యాయం ఉంది. సాఫ్ట్‌వేర్ "ఉత్పత్తి" అనే నిర్వచనంలోకి వస్తుందా అన్నదగ్గరే వాదన మొదలవుతుందనుకోండి. వచ్చినా 87వ సెక్షన్ కంపెనీకి దారులు ఇస్తుంది: వస్తువును మార్చారనో, తప్పుగా వాడారనో చూపించొచ్చు. నిపుణులే వాడాల్సిన వస్తువు, వాళ్లకు హెచ్చరికలు తగినట్టు ఇచ్చాం అని కూడా అనొచ్చు. అందుకే పరిమితి విలువను మీ ఐటీ కుర్రాడు సొంతంగా తగ్గించకూడదు, కంపెనీ ఈమెయిల్ మీదే మార్చాలి. శిక్షణకు వచ్చినవాళ్ల సంతకాలు, ఇచ్చిన మాన్యువల్ దాచాలి. కంపెనీ ఏ హెచ్చరిక ఇవ్వలేదో తర్వాత తేలేది వాటితోనే.

అప్‌డేట్లు రాత్రికి రాత్రి దిగకూడదు. కనీసం 15 రోజుల ముందు నోటీసు, ఏం మారిందో రాత, వద్దనుకుంటే పాత వెర్షనుకు వెళ్లే హక్కు అడగండి. మెడికల్ డివైసెస్ రూల్స్ ఆరో షెడ్యూల్ ప్రకారం, ఉద్దేశిత వినియోగాన్నో పనితీరునో ప్రభావితం చేసే పెద్ద మార్పుకు కంపెనీ ముందే అనుమతి తీసుకోవాలి. తీసుకుందా అని అడిగే హక్కు మీకుంది. మీ వృత్తి బాధ్యత బీమా కంపెనీకీ ఒక ఉత్తరం రాసి, ఏఐ సహాయంతో చదివిన రిపోర్టులు పాలసీలోకి వస్తాయని జవాబు తెప్పించుకోండి.

పేషెంటుకు చెప్పాలా? డాక్టరు చదివే ఎక్స్‌రేకు సాఫ్ట్‌వేర్ సాయం తీసుకుంటున్నందుకు విడిగా సమ్మతి కావాలని ఏ చట్టమూ అనలేదు. అయినా అడ్మిషన్ కాగితంలో రెండు వాక్యాలు పెట్టడం మంచిది, దాచారన్న మాట రాదు. డేటా విషయం వేరు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలు 18 నెలల తర్వాత, అంటే 2027లో అమలుకు వస్తాయి. చికిత్స కోసం ఇచ్చిన ఫిల్మును కంపెనీ తన మోడల్‌కు నేర్పడానికి వాడుకోవడం వేరే ప్రయోజనం, దానికి వేరే సమ్మతి కావాలి. ఎనిమిదో షెడ్యూల్ భాషల్లో దేనిలోనైనా ఆ సమ్మతి పత్రం చదువుకునే వీలు పేషెంటుకు ఇవ్వాలని చట్టం అంటుంది, కాబట్టి తెలుగు ప్రతి మర్యాద కోసం పెట్టేది కాదు, ఉండి తీరాల్సింది. భద్రతా చర్యల్లో లోపానికి జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉండొచ్చు. కంపెనీ దగ్గర లీకైనా జవాబుదారీ ఆసుపత్రే. "పేర్లు తీసేసే పంపిస్తున్నాం" అంటే ఓ ఇరవై ఫైళ్లు తెరిచి చూడండి. ఫైలులో పేషెంటు వివరాలుండే డైకామ్ హెడర్‌లో పేరు తీసేసినా, ఫిల్ము మూలలో అచ్చుపడ్డ పేరు, ఇన్‌పేషెంటు నంబరు అలాగే ఉంటాయి.

డిశ్చార్జ్ సమ్మరీ రాసిపెట్టే చాట్ సాఫ్ట్‌వేర్ల గురించి మీరు అడగలేదు గానీ, డ్యూటీ డాక్టర్లు ఫోన్లలో ఇప్పటికే వాడుతుంటారు. మామూలు టైపింగ్ సాయమైతే పరికరం కాదు. మోతాదు, జబ్బు పేరు సూచించడానికే అమ్మితే పరికరమే. సొంత ఫోనులో పేషెంటు వివరాలు పేస్ట్ చేయడాన్ని ఈరోజే రాతపూర్వకంగా ఆపండి. అల్ట్రాసౌండులో ఏఐ ఉన్న చిన్న చేతి మెషీన్లు ఎవరైనా చూపిస్తే ముందు పీసీపీఎన్‌డీటీ (గర్భంలో లింగ నిర్ధారణను నిషేధించే చట్టం) రిజిస్ట్రేషన్ అడగండి. అక్కడ మినహాయింపులుండవు.

అన్నీ సరిగ్గా చేసినా తప్పు జరిగితే, ఆ ఫిల్ము, లాగ్, వెర్షను వెంటనే విడిగా భద్రపరిచి కంపెనీకి రాయండి. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడిపే, పరికరాల వల్ల జరిగే హానిని నమోదు చేసే మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమానికి కూడా రిపోర్టు పంపండి. సాఫ్ట్‌వేర్ జబ్బును వదిలేయడం కూడా పరికరం వల్ల జరిగిన హానే. ఊహించని తీవ్రమైన ఘటన తెలిసిన 15 రోజుల్లో లైసెన్సు ఉన్న కంపెనీయే లైసెన్సింగ్ అధికారులకు తెలియజేయాలి. మీ ఈమెయిల్ తేదీ నుంచే "తెలిసింది" అన్నది మొదలవుతుంది, కాబట్టి ఫోన్లో చెప్పి ఊరుకోవద్దు.